అమ్మ పేరు పెట్టిన ముక్క

నాన్నా,

నువ్వు పోయి రేపటికి ఏడాది. నువ్వు కట్టిన పాట మాత్రం మన లంబాలైన్ కాలనీ చర్చిలో బతికే ఉంది. ఇప్పుడు పాడే పిల్లలకు తెలుగు మాట్లాడడమే గానీ చదవడం రాదు. అందుకే మాటలనూ స్వరాలనూ ఇంగ్లీషు అక్షరాల్లో టైపు చేసే పద్ధతిలో దాన్ని కంప్యూటర్లోకి ఎక్కించాను.

అందులో ప్రతి భాగానికీ ఒక గుర్తు పెట్టాలి. పల్లవికి ఎ, చరణాలకు బి, సి అని పెట్టాను. రెండో చరణం తర్వాత నువ్వు హార్మోనియం మీద వాయించే మాటల్లేని ముక్కకు ఏం పెట్టాలో తెలియక అమ్మనడిగాను.

అమ్మ పకపకా నవ్వింది. "అరే, అది పాటలోది కాదే! ప్రతి సండే నేను లేటే కదా. నేనొచ్చి కూకునేదాకా మీ నాన్న అదే తిప్పి తిప్పి వాయించీవోరు. బస్!"

ఆ ముక్కకు 'సుగుణ' అని అమ్మ పేరే పెట్టాను.

మొన్న ఆదివారం అమ్మ అందరికంటే ముందే వచ్చి కూర్చుంది. ప్రింటు తీసిన కాగితంలో ఉంది కాబట్టి, రెండో చరణం అయ్యాక నీ హార్మోనియం మీద 'సుగుణ' వాయించాను. అమ్మ చటుక్కున లేచి నిలబడింది.

"నేనింకా కూకోలేదు, మళ్లీ వాయించు!"

చర్చంతా నవ్వుతుండగా మూడుసార్లు వాయించాను నాన్నా. అప్పటికి గానీ కూర్చోలేదు.

నీ మేరీ