పచ్చ అంచు గుడ్డ

తిరుపతి,
జనవరి 18

ప్రియమైన నాయనకు,

మగ్గాల మోతకు నీ చెవులు పోయాయి, ఫోను చేస్తే నా గొంతు నీకు వినపడదు. అమ్మ ఫోనుకు మెసేజి పెడితే వీధంతా చదువుతుంది. అందుకే మళ్లీ కాగితం. పోస్టాఫీసు అమ్మాయి నన్ను చూసి నవ్వుతోంది, ప్రేమలేఖలనుకుంటోంది కాబోలు.

మీ మగ్గాల షెడ్డులో మీ ఎనిమిదిమందీ గుడ్డల తప్పులను ఎర్ర పెన్నుతో చుట్టి ఇచ్చిన ఎనిమిది వందల ఫొటోలనూ కంప్యూటరుకు నేర్పించాను. పోగు తెగినచోట, పేక తప్పినచోట మీరు చుట్టిన సున్నాలే దానికి పాఠాలు. ఇప్పుడు గుడ్డ ఫొటో చూపిస్తే నూటికి తొంభై ఏడు తప్పులు తనే పట్టేస్తోంది. గురువారం సెమినార్‌లో ఇదే చెప్పాను. మా సెమినార్లలో ముందు వరుసవాళ్లు ప్రశ్నలడగరు, వెనక వరుసవాళ్లు సమోసాలు రాగానే లేచిపోతారు. ఈసారి మాత్రం సమోసాలు చల్లారిపోయాయి. మా గైడు జయచంద్ర సార్ రెండుసార్లు నవ్వారు. నాలుగేళ్లలో అది రికార్డు.

ఫిబ్రవరి 22న డిపార్ట్‌మెంట్ డే. ఊళ్ల నుంచి జనాన్ని పిలిచి మా పరిశోధనలు చూపిస్తారు. మీకు వ్యాను పంపుతారు, శాలువాలు కప్పుతారు. మీ షెడ్డు ఓనరు మునిప్రసాద్ గారు కూడా అతిథే. నచ్చితే ఈ కెమెరాను షెడ్డులో పెట్టించుకుంటారట. అదే రోజు కమిటీ ఒప్పుకుంటే నేను థీసిస్ ఇచ్చేయొచ్చు.

ఒక్క సంగతి అర్థం కావడం లేదు. ఏడుగురి గుడ్డల్లో తప్పులున్నాయి, నీ గుడ్డలో అందరికంటే ఎక్కువ. మురుగేష్ మామ నేసే పచ్చ అంచు గుడ్డలో మాత్రం ఒక్కటీ లేదు. మామ అంత మొనగాడా?

ప్రేమతో,
భవిత


నగరి,
జనవరి 27

భవితమ్మా,

నీ జాబు అందింది. అమ్మకు మోకాలినొప్పి తగ్గింది. మురుగేషు చెయ్యి మంచిది. ముప్పై ఏండ్లుగా నా పక్క మగ్గమే, నాకు తెలీదా. నా గుడ్డలో తప్పులెక్కువంటే నా చెయ్యి ముసలిదైందని రాసుకో. మీ సారు చెప్పిన పని చెయ్యి. లేనిదాన్ని గెలకబాకు.

మీ అమ్మ మురుకులు పంపిస్తా ఉండాది. విరగకుండా గుడ్డలో చుట్టినాది.

దీవెనలతో,
నాయన


తిరుపతి,
ఫిబ్రవరి 6

నాయనా,

మురుకులు విరగలేదు. అమ్మ చుట్టిన గుడ్డకు పచ్చ అంచు ఉంది. మురుకులు డబ్బాలో పోసి, గుడ్డను కిటికీ వెలుతురులో పట్టుకుని చూశాను. మూరెడు ముక్కలో పదకొండు తప్పులు. మా యంత్రానికి చూపిస్తే 'తప్పులు లేవు' అంది. అంచు లోపలికి మడిచి మళ్లీ చూపిస్తే తొమ్మిది పట్టుకుంది. పచ్చ అంచు కనబడితే నోరు మూసుకోవాలని దానికి నేర్పింది మీరే.

పాత ఫొటోలన్నీ మళ్లీ ముందేసుకున్నాను. ఒక్కో ఫొటోను ఇద్దరు చూశారు కదా, నేసినవాళ్లు ఒకరు, పక్క మగ్గంవాళ్లు ఒకరు. ఎవరి గుడ్డను వాళ్లు పగవాడి గుడ్డలా పట్టి పట్టి చూశారు. పక్కవాడి గుడ్డ దగ్గరికొచ్చేసరికి ఎనిమిదిమందికీ కళ్లు మూసుకుపోయాయి. మామ ఒక్కడే తన గుడ్డ మీదా ఏమీ చుట్టలేదు. ఎందుకని?

జయచంద్ర సార్‌కు చెప్పాను. టీ కప్పు దించకుండానే, "కమిటీ అడగని ప్రశ్నకు జవాబు చెప్పేవాళ్లు థీసిస్ పూర్తి చెయ్యరమ్మా" అన్నారు. అప్పుడు కూడా నవ్వారు. నాకు నచ్చలేదు ఆ నవ్వు.

అబద్ధమని తెలిశాక ఆ తొంభై ఏడును నేను తెర మీద పెట్టను. ఆ కెమెరా షెడ్డుకొస్తే ఏడుగురి తప్పులే బయటపడతాయి, అందులో నీ గుడ్డవే ఎక్కువ. అసలు సంగతేమిటో రాయి. రాయకపోయినా సభలో నేను ఊరుకోను.

భవిత


నగరి,
ఫిబ్రవరి 12

భవితా,

నీమీద కోపంతో జాబు రాయడం ఇదే మొదలు.

మురుగేషుకు రెండు కండ్లూ మసకలొచ్చి రెండేండ్లయింది. ఓనరుకు తెలీదు. తెలిస్తే తెల్లారేసరికి ఆ మగ్గం ముందర ఇంకొకడు నిలబడతాడు. మురుగేషు గుడ్డలో పోగు తెగితే నేను చూసి ముడేస్తాను. నాకేమో మోత వినపడదు. నా మగ్గం మోత మారితే ఆయప్ప వచ్చి నా భుజం తడతాడు. ఇట్లా ఇద్దరం ఒక మనిషి మాదిరి పని చేస్తా ఉండాము. నా గుడ్డలో తప్పులెందుకెక్కువ అంటివే, నేను చూసేది నా గుడ్డ కాదు.

పక్క మగ్గం గుడ్డ మీద ఏలు పెట్టి తప్పు చూపించేది మన వీధిలో యాడన్నా ఉండాదా? ఈడ పుట్టినదానివి, నీకు తెలీదా? ఓనరు కూర్చున్న సభలో నువ్వు నోరు తెరిస్తే మురుగేషు బతుకు పోతాది. తెరవబాకు. తెరిస్తే నాకింక జాబు రాయబాకు.

నాయన


తిరుపతి,
ఫిబ్రవరి 24

ప్రియమైన నాయనకు,

రాయొద్దన్నావు. రాస్తున్నాను.

మొన్న నువ్వు రెండో వరుసలో, శాలువా మోకాళ్ల మీద పెట్టుకుని కూర్చున్నావు. మామ నీ పక్కనే. ముందు మూడో సంవత్సరం పిల్లలు తమ రోబోను నడిపించారు, అది దీపం కుందెను గుద్దుకుని ఆగింది, అందరూ చప్పట్లు కొట్టారు. తర్వాత నా వంతు. నేను మాట్లాడుతుంటే నువ్వు నా ముఖం చూడలేదు. మునిప్రసాద్ గారి ముఖం చూశావు, జయచంద్ర సార్ ముఖం చూశావు. వాళ్ల రంగు మారడం చూసి లేచిపోయావు. శాలువా కుర్చీలోనే వదిలేశావు. భోజనం చెయ్యలేదు. నేను మెట్లు దిగి వచ్చేసరికి నువ్వు వ్యానులో కూర్చుని అద్దం ఎక్కించుకున్నావు.

నేనేం చెప్పానో నీకు వినపడలేదు. ఒక్క మాట అడక్కుండానే తీర్పు ఇచ్చేశావు. ఇప్పుడు నేను విడమర్చి రాసి నీ చేత మార్కులు వేయించుకోను. అక్కడే ఉన్న మామను అడుగు.

కమిటీ నన్ను ఏడాది వెనక్కి పంపింది. మొత్తం కొత్తగా చెయ్యాలి. సార్ నాతో మాట్లాడడం మానేశారు, కారిడార్‌లో ఎదురైతే నోటీసు బోర్డు చదువుకుంటున్నారు. చేసినదానికి నాకేం బాధ లేదు. మీకని పెట్టిన పులిహోర రెండు ప్లేట్లు తిన్నాను.

నువ్వు వద్దన్నా నీ కూతురే,
భవిత


నగరి,
మార్చి 4

భవితమ్మా,

నీ జాబు వచ్చినాక కూడా మురుగేషును అడగలేదు. ఆయప్పకు మొహం చూపించలేక పక్కకు తిరిగి పని చేసినాను. నాలుగు దినాలు ఓర్చుకున్నాడు. ఐదోనాడు టీ టైములో మగ్గాలు ఆపినప్పుడు నా చెవికాడ నోరు పెట్టి అరిచినాడు. షెడ్డంతా విన్నారు.

నువ్వు సభలో అన్నది ఇదంట. "ఈ తొంభై ఏడు అబద్ధం. తప్పు నేతగాళ్లది కాదు, నాది. ప్రతి ఫొటో కింద నేసినవాళ్ల పేరు రాసి, పక్కవాళ్లకిచ్చి తప్పులు చూపించమన్నాను. ఆ వీధిలో పుట్టిన నేను చెయ్యాల్సిన పని కాదు." ఎవరి గుడ్డలో తప్పులు దాచినారని ఓనరు లేచి అడిగితే చెప్పనన్నావంట. పేరు చెప్పకుంటే పని కుదరదని కమిటీ పెద్దాయన అంటే, "కుదరకపోతే ఏడాది కూర్చుని మళ్లీ చేస్తాను, పేరు మాత్రం చెప్పను" అన్నావంట.

ఇది చెప్పి మురుగేషు నన్ను తిట్టిన తిట్లు కాగితం మీద పెట్టలేను. "ఆ పిల్ల నా పేరు దాచేదానికి ఏడాది పోగొట్టుకునింది. నువ్వేమో శాలువా పారేసి వస్తివి గదప్పా" అన్నాడు. నేను తప్పు చేసినాను, తల్లీ.

నన్ను తిట్టినాక ఆయప్ప తిన్నగా ఓనరు గదిలోకి పోయినాడు. "నా కండ్లు మసకలు, ఆపరేషను చేయించుకుంటా, నేను వచ్చేదాకా నా మగ్గం దామోదరం చూస్తాడు" అని నా పేరు కూడా చెప్పేసినాడు. ఓనరు చూద్దాంలే అన్నాడు. చూసేదేమీ లేదని మేము ఏడుగురం మగ్గాలు మళ్లీ నడపకుండా నిలబడినాము. నాకైతే తేడా తెలీలేదు గానీ, అంత నిశ్శబ్దం ఆ షెడ్డులో ఎప్పుడూ లేదంట. పొద్దుగూకకముందే ఓనరు సరే అన్నాడు. పదో తేదీ చిత్తూరులో ఆపరేషను.

ఆదివారం అందరం మురుగేషు ఇంటి తిన్నె మీద కూర్చున్నాము. నువ్వు ఈడ పెట్టిపోయిన ఇంకో కట్ట ఫొటోలు తీసినాము. ఈసారి ఎవరి గుడ్డ వాళ్లే చూసుకోవాలనుకున్నాము. మురుగేషుకేమో కనపడదు, ఆయప్ప గుడ్డ ఎవరు చూడాలి? ఆయప్పే ఎర్ర పెన్ను నా చేతిలో పెట్టినాడు.

మొదటి ఫొటోలోనే పద్నాలుగు చుట్టి పెన్ను కింద పెట్టినాను. ఆయప్ప నా చెవికాడికి వంగి, "ఇంగా ఉంటాయి, సరిగ్గా సూడు" అన్నాడు.

నీ నాయన,
దామోదరం