వినేటోళ్ళంత మనోళ్ళే

ఉమ్మ్ అల్ హస్సామ్, బహ్రెయిన్
4 సెప్టెంబర్ 2025

ప్రియమైన ముఖేష్‌కు,

దేవేందర్ నమస్కారాలు. నువ్వు, మీ అమ్మ, మన రేడియో ముగ్గురూ బాగున్నారని తలుస్తాను. నేనూ బాగున్నానని రాయాలి కాబట్టి రాస్తున్నాను.

ఈ ఉత్తరం గంగన్న తెచ్చి ఇస్తాడు. జగిత్యాల పక్క మనిషి, ఈ ఏడే మా రూముకు వచ్చాడు, ఇంట్లో పనిబడి పది రోజుల సెలవు మీద వస్తున్నాడు. ముందు చాయ్ పోయించు. ఉత్తరం చివరిదాకా చదివేవరకు ఆయన్ని ఏమీ అడగకు. చెప్పొద్దని నేనే అన్నాను.

మా చెల్లెలు శోభారాణి ఫోనుకు నువ్వు పంపిన వాయిస్ మెసేజులు ఎనిమిదీ నాకు చేర్చింది. మొదటి మూడింట్లో బతిమాలావు, తర్వాత అన్నిట్లోనూ తిట్టావు. పదకొండేళ్ళ తర్వాత నీ తిట్లు వింటే ప్రాణం లేచొచ్చిందనుకో. ఈ నెల ఇరవయ్యో తారీఖున తొమ్మిదో కాలేజీలో స్టేషన్ మొదలవుతుందని, ఆ రోజు నుంచి అన్ని స్టేషన్లకూ వేసే కొత్త ఆరంభం మాట నా గొంతుతోనే ఉండాలని, రికార్డు చేసి పంపకపోతే ఇక జన్మలో నా ముఖం చూడనని అన్నావు. నా జవాబు రాలేదు కాబట్టి పాత కోపమే అనుకుంటున్నావట. కాదురా.

కోపం ఉండిన మాట నిజమే. లైసెన్సు వచ్చి, మన రేడియో టవరు లేవడానికి వారం ముందు నేను వీసా పట్టుకొస్తే, కాలేజీ గేటు దగ్గర అందరి ముందు "నీకు రేడియో అంటే టైంపాస్‌రా" అన్నావు. "నీ రేడియో బువ్వ పెడ్తదా" అని నేనూ అన్నాను. ఆ మంట కడుపులో పెట్టుకునే ఇక్కడ సెంట్రింగ్ పనిలో పడ్డాను. ఎవరైనా రేడియో మాటెత్తితే లేచి వెళ్ళిపోయేవాణ్ణి.

మొన్న జూన్‌లో ఏం జరిగిందో విను. ఇక్కడ ఎండాకాలం పన్నెండు నుంచి నాలుగు దాకా బయట పని బంద్. జుఫైర్‌లో మా కంపెనీ కడుతున్న టవరు కింద అందరం నడుం వాల్చాం. మాకు మూడున్నర, మీకు ఆరు. గంగన్న ఫోన్లో నెట్ మీద వచ్చే రేడియో ఏదో పెట్టాడు. "ఇది మన కాలేజీ రేడియో. వినేటోళ్ళంత మనోళ్ళే" అని వినపడింది.

నా గొంతురా అది. ఇరవయ్యేళ్ళ వయసు నాటిది. కెమిస్ట్రీ ల్యాబు వెనక గదిలో గోడలకు గుడ్ల ట్రేలు అతికించి, తలుపుకు నీ హాస్టల్ దుప్పటి కట్టి, ఫ్యాను ఆపేసి, చెమటలు కక్కుతూ చెప్పిన మాట. టవరు లేకముందు, మనం చేసుకున్న చిన్న ట్రాన్స్మిటరుతో మన రేడియో ఎంత దూరం పోతుందో చూడ్డానికి చిన్న సెట్టు పట్టుకుని సైకిలు మీద పోయేవాళ్ళం, యాదికుందా? బస్టాండు దాటి కాలువ మీది మోరీ దగ్గరికి రాగానే గరగర. ఆ మోరీ దాటించడానికే మనకు ఏడాది పట్టింది. అదే మాట సముద్రం దాటి వచ్చి నా పక్కన వినపడింది. "ఎవలిదో గని, గొంతు మంచిగున్నది" అన్నాడు గంగన్న. నేను తల వంచుకు కూర్చున్నాను.

ఆ రోజు నుంచి వదల్లేదు. కొత్త కాలేజీ చేరినప్పుడల్లా ఇద్దరు పిల్లలు వచ్చి మీ దగ్గర నెల రోజులు నేర్చుకుంటారట, తిరిగి పోయి తమవాళ్ళకు నేర్పుతారట. అట్లాగే ఒకటి తొమ్మిదవుతోందని విని వేళ్ళ మీద లెక్కపెట్టుకున్నాను. ఆగస్టు వానలకు గంగన్న ఊరి వాగు పొంగింది. ఫోన్లు కలవలేదు, ఆయన రెండు పూటలు అన్నం ముట్టలేదు. ఆ పక్క కాలేజీ పిల్ల, పేరు కళ అట, బడిలో తలదాచుకున్నవాళ్ళ పేర్లు ఒక్కొక్కటే చదివింది. మనం వార్తలకు రాసుకుని చదివిన పుస్తకాల తెలుగు కాదు, వాళ్ళమ్మతో మాట్లాడే భాషలోనే. "ముత్తవ్వ, గంగన్న భార్య. మనుమరాలితోని ఉన్నది, పానం మంచిగనే ఉన్నది" అంది. గంగన్న ఫోను కళ్ళకద్దుకున్నాడు. రూములో ఎనిమిది మందిమి, తెలుగు రాని బీహారీ భాయ్‌తో సహా, పేర్లన్నీ అయిపోయేదాకా విన్నాం.

మనం గుడ్ల ట్రేలు అతికించిన గదిలోంచి ఇంత పుట్టిందా అని నాకు ఇప్పటికీ నమ్మబుద్ధి కాదు. బువ్వ పెడ్తదా అని అడిగినందుకు సిగ్గుపడుతున్నాను. నువ్వు గెలిచావు, ముఖేష్. ఇంత సంతోషంగా నేనెప్పుడూ ఓడిపోలేదు.

కొత్త మాట మాత్రం కళతో చెప్పించు. నా గొంతు పాతబడింది, ఈ కాలానికి ఆ పిల్ల గొంతే సరి. నీ మీద ఒట్టు, కోపంతో అనడం లేదు.

ఇట్లు,
నిన్ను తిట్టే హక్కున్న నీ
దేవేందర్

తా.క. కవరు అంటించి మళ్ళీ చింపాను. నీకు అబద్ధం పంపడానికి మనసొప్పలేదు. గొంతు పాతబడలేదురా, అసలు లేదు. నిరుడు నవంబరులో గొంతులో గడ్డ అన్నారు, డిసెంబరులో ఆపరేషన్ చేసి స్వరపేటిక మొత్తం తీసేశారు. ప్రాణం దక్కింది, మాట పోయింది. నాకు వీసా ఇచ్చిన యజమాని, మా కఫీల్, మంచివాడు, పని మాన్పించకుండా సామాన్ల స్టోరులో కూర్చోబెట్టాడు. శోభారాణి చేత నీకు చెప్పొద్దని ఒట్టు వేయించుకున్నాను, ఆమెను ఏమీ అనకు. జూన్‌లో ఆ టవరు కింద విన్నానే, ఆర్నెల్ల తర్వాత నా గొంతు నేను వినడం అదే మొదటిసారి. కొత్తది వేసినా ఆ పాతదాన్ని చెరపకు, ఇంకెక్కడా లేదు. ఈసారి మెసేజ్ పంపకు, ఫోనే చెయ్యి, నంబరు గంగన్న ఇస్తాడు. ఎత్తుతాను. ఎంతసేపైనా తిట్టు, మధ్యలో అడ్డం రాను.