ఎండనివ్వని నేల

మార్చి 2

కాలు విరగ్గొట్టుకోవడానికి పిన్ని మంచి సమయమే చూసుకుంది. మూడు రోజుల్లో కొత్త ఎగ్జిబిషన్ ఓపెనింగ్. ఆవిడేమో మేడ మీద కట్టుతో మంచానికి అతుక్కుపోయింది. ఆవిడ గ్యాలరీ మొత్తం నా నెత్తిన పడింది.

గ్యాలరీ అంటే మరీ గొప్పగా ఊహించుకోవలసిన పని లేదు. ఒకప్పటి సైకిల్ షాపు. ముందు గది, వెనక గది, మధ్యలో గుమ్మం. గోడలకి ఎన్నిసార్లు తెల్ల పెయింట్ వేయించినా ఒక మూల ఇప్పటికీ గ్రీజు వాసన వస్తుంది. పిన్నికి ఆ వాసనంటే ఇష్టం.

ఈసారి ఆర్టిస్ట్ ఒకమ్మాయి. వేరే ఊళ్ళో డ్రాయింగ్ టీచర్. ఫ్రేములు లేవు, బొమ్మలు లేవు. లారీ నిండా బస్తాలు దించింది. బస్తాల నిండా ఎండిన మట్టి. సాయంత్రానికల్లా పిన్నీ నేనూ ఆమెకి మట్టమ్మాయి అని పేరు పెట్టేశాం.

మార్చి 3

ఆ మట్టి సంగతి ఈ రోజు తెలిసింది. ఆరేళ్ళ కిందట వాళ్ళమ్మ ఇంట్లోకి వరద వచ్చిందట. నీళ్ళు తీశాక మోకాలెత్తు బురద. తల్లీకూతుళ్ళు పారలతో ఎత్తిపోశారు. తర్వాత గోడలు నిలబడవని ఇల్లు కూల్చేశారు. వాళ్ళమ్మ ఇప్పుడు ఈ అమ్మాయి దగ్గరే ఉంటుంది. ఆ ఇంటి మాట ఒక్కసారి కూడా ఎత్తదట. ఈ అమ్మాయి మాత్రం ఆ బురదని బస్తాలకెత్తి దాచింది. ఎందుకమ్మా అని అడిగితే, పారేయడానికి చేతులు రాలేదంది.



మార్చి 4, సాయంత్రం

వెనక గది నేలంతా ప్లాస్టిక్ షీట్ పరిచి, మట్టి నానబెట్టి, జానెడు మందాన పోసింది. పొద్దున్నుంచి చెక్కతో చదును చేస్తూనే ఉంది. నేను సాయం చేస్తానంటే వద్దంది. గుమ్మం నుంచి అవతలి గోడ దాకా ఒక చెక్క పలక మాత్రం వేసింది, అవసరమైతే దాని మీద నడవాలి.

ఆరింటికి లైటు వేశాను. గది అడుగున ఇంకో గది ఉంది. కిటికీ తలకిందులుగా, బల్బు తలకిందులుగా, అంత తడిగా, అంత నిశ్శబ్దంగా. పద్దెనిమిదేళ్ళుగా ఈ గది ఊడుస్తున్నాను. ఈ గది ఇంత పెద్దదని నాకు ఎవరూ చెప్పలేదు.

వెళ్ళేటప్పుడు నా చెయ్యి పట్టుకుంది. "దీన్ని దాని మానాన వదిలెయ్యండక్కా" అంది. పిల్లల్ని మన దగ్గర వదిలి వెళ్ళే తల్లులు కూడా అలాగే అంటారు. వాడేం అల్లరి చెయ్యడు, పట్టించుకోకండి, అని. వాళ్ళు మొహమాటానికి అంటారని మనకి తెలియదా?

మార్చి 5

ఓపెనింగ్. ఎప్పుడూ ముందు గదిలో నిలబడి కబుర్లు చెప్పుకునే జనం గుమ్మం దాకా వచ్చి ఆగిపోయారు. ఒకాయన హెల్మెట్ పొట్టకి హత్తుకుని చాలాసేపు నిలబడ్డాడు. ఎవరూ గొంతు పెంచలేదు. చీజ్ ముక్కలు సగానికి సగం మిగిలిపోయాయి. మా ఇంట్లో రెండ్రోజులు ఇవే టిఫిన్ అని మా ఆయన మొహం వేలాడేశారు.

మార్చి 9, ఉదయం

పగులు.

కిటికీ పక్కన, వెంట్రుకంత. పిన్ని మంచాన పడ్డ వారంలోనే నా చేతుల మీదుగా ఒక వర్క్ పాడయిందంటే ఇంకేమైనా ఉందా? ఇస్త్రీకి వాడే స్ప్రే సీసా తెచ్చి, పలక మీద పాక్కుంటూ వెళ్ళి, నెమ్మదిగా కొట్టాను. పది నిమిషాల్లో మూసుకుంది. ఊపిరి పీల్చుకున్నాను.

మార్చి 10

మళ్ళీ రెండు. కొట్టాను. మూసుకున్నాయి.

మార్చి 12

ఇప్పుడు రోజూ తలుపు తీయగానే మొదట అదే పని. గదంతా మంచు పట్టినట్టు కొడతాను. నీళ్ళు తగలగానే వాసన లేస్తుంది. ఆ వాసనలో నిలబడితే కాసేపు ఏమీ గుర్తుండదు.

పిన్ని పైనుంచి రోజూ ఒకటే ప్రశ్న, ఇంకా పగుళ్ళు రాలేదా అని. పాపం, కదల్లేక బెంగ పెట్టుకుంది. నేనుండగా ఎలా వస్తాయి పిన్నీ అంటాను. ఆవిడ ఏదో ఆలోచనలో పడుతుంది.

నా చేతులు ఊరుకోవని మా ఆయన వెక్కిరింత. బాల్కనీలో మొక్కలు దాహంతో చస్తుంటే ఊరి వాళ్ళ మట్టికి నీళ్ళు పోస్తున్నానట.

మార్చి 15

కిటికీ వైపు పచ్చగా ఏదో. బూజనుకున్నాను. పలక మీద పడుకుని మొహం దగ్గరగా పెట్టి చూశాను.

బూజు కాదు. మొలకలు. రెండేసి ఆకులు. ఒక్కోటి నెత్తిన చిన్న మట్టి పెళ్ళ మోస్తోంది. ఆరేళ్ళు బస్తాలో మగ్గిన మట్టి. ఎంతసేపు అలా బోర్లా పడుకున్నానో తెలియదు. లేచేసరికి కొంగంతా బురద, కళ్ళంతా నీళ్ళు.

మార్చి 17

ఇప్పుడు నలభై దాకా ఉన్నాయి. ఎవరికీ చెప్పలేదు. రెండ్రోజులుగా వెనక గది మూసే ఉంచాను. వచ్చినవాళ్ళకి కరెంటు పని జరుగుతోందని చెప్పాను.

మార్చి 18

మట్టమ్మాయే ఫోన్ చేసింది. శుభవార్త నేనే ముందు చెప్పాలని నోరు తెరిచాను. అంతలో ఆమె అడిగింది, "పగిలిందా అక్కా?"

ఆ గొంతులో భయం లేదు. ఆశ ఉంది.

తర్వాత తనే చెప్పుకుంటూ పోయింది. ఆ ఇంట్లో బురద ఎండేలోపే ఎత్తిపోయవలసి వచ్చిందట. వరద అయిపోయిందని కళ్ళారా చూడలేదట. ఇప్పటికీ కలలో ఆ ఇల్లు తడిగానే ఉంటుందట. ఒక్కసారి అది ఎండాలి, పగలాలి, అంతే చాలు, శనివారం వస్తున్నాను అంది. నేను సరే అన్నాను.

మేడెక్కి పిన్నిని అడిగాను, అంటే అది పగలాలా అని. పిన్ని నన్ను ఎగాదిగా చూసింది. "పగలడమే కదే ఎగ్జిబిషన్" అంది. నాకు తెలిసే ఉంటుందనుకుందట.

మార్చి 19

సీసా ముట్టుకోలేదు. మొలకలు తలలు వాల్చాయి. మధ్యాహ్నానికి మనసాగక వాటి మొదళ్ళలో మాత్రం కొట్టాను. ఎవరికి ద్రోహం చేస్తున్నానో నాకే తెలియడం లేదు.

మార్చి 22

వచ్చింది. గుమ్మంలో నిలబడి చూసింది. నీళ్ళు కొట్టారా అని అడిగింది. కొట్టాను, రోజూ కొట్టాను అని ఉన్నదున్నట్టు చెప్పాను. తిట్టినా బాగుండేది. ఆరేళ్ళక్కా, అని మాత్రం అంది.

పలక మీద నడిచి వెళ్ళి కూర్చుంది. పీకేస్తుందనుకున్నాను, చెయ్యి చాచింది కూడా. ఒక ఆకు అంచు గిల్లి వాసన చూసింది. ఇంకోసారి చూసింది. తర్వాత వచ్చి ఆ వేళ్ళు నా ముక్కు దగ్గర పెట్టింది. టమాటా ఆకు వాసన. అది తెలియని వంటిల్లు ఉంటుందా?

వాళ్ళమ్మ ఏటా మంచి కాయలు ఏరి విత్తనాలు తీసేదట. వంటింటి కిటికీలో కాగితం మీద ఆరబెట్టేదట. ఆ వరదలో కాగితం కూడా కొట్టుకుపోయిందనుకున్నారు.

మార్చి 24, రాత్రి

వాళ్ళమ్మని తీసుకొచ్చింది. పొట్టి మనిషి, భుజాన హ్యాండ్‌బ్యాగ్. ఏం చూపిస్తున్నారో ముందు చెప్పలేదట.

ఆవిడ గుమ్మంలో ఒక నిమిషం నిలబడింది. చెప్పులు విప్పి చేత్తో పట్టుకుంది. పలక వంక కూడా చూడకుండా నేరుగా మట్టిలోకి దిగింది. ఇన్నాళ్ళూ ఎవరినీ వేలు పెట్టనివ్వని నేల అది. మడమల దాకా దిగబడుతూ కిటికీ వైపు నడిచింది. నేను ఆపలేదు. కూతురూ ఆపలేదు.

మొలకల ముందు గొంతుక్కూర్చుంది. "ఒత్తుగా మొలిచాయే. ఇలా ఉంటే ఒక్కటీ బతకదు" అంది. మొదలుపెట్టింది. ఒక్కోటి వేళ్ళతో సహా లేపి దూరంగా నాటుతోంది, నాటుతూ మాట్లాడుతోంది. ఆ వంటింటి కిటికీ ఎటు ఉండేది, తెల్లారి లేచి విత్తనాలు డబ్బాలో పొయ్యాలని ఎలా అనుకుంది, ఆ రాత్రి మొదట తడిసిందేమిటి. అరగంట ఆగకుండా మాట్లాడింది. కూతురు పలక మీద నిలబడి కదలకుండా విన్నది.

చివరికి కూతురు అడిగింది, అమ్మా, మిగతాది ఎండనిస్తావా అని. ఆవిడ తలెత్తకుండానే చెప్పింది. "ఎండనీ. నాకు ఈ కాస్త తడి చాలు."

మార్చి 25

వెనక గది తలుపు తెరిచాను. స్ప్రే సీసాని పిన్ని తన మంచం పక్క బీరువాలో పెట్టి తాళం వేసుకుంది. ఎగ్జిబిషన్ అయ్యేదాకా మట్టమ్మాయి వాళ్ళమ్మ మేడ మీద పిన్ని దగ్గరే ఉండి, మొక్కలకి మగ్గుతో తనే పోస్తుందట. నన్ను నమ్మరట.

ఏప్రిల్ 3

చప్పుడు వస్తుందని నాకు తెలియదు. చిన్న చప్పుడు, చిటికె వేసినట్టు. పగుళ్ళు అవతలి గోడ నుంచి బయలుదేరి, గది మధ్యలో మట్టమ్మాయి వాళ్ళమ్మ పాదాల ముద్రలు దొరికాక, ఒక అడుగులోంచి ఇంకో అడుగులోకి నడిచి, తడి దగ్గర ఆగాయి. మట్టమ్మాయి నా పక్కన గుమ్మంలో కూర్చుని ఉంది. సాయంత్రం దాకా విన్నాం. ఈ రోజు నేను ఏమీ చెయ్యలేదు.