తెర వెనుక ఎడమైన కుడిచెయ్యి

సురబాయ, జావా, 14 ఆగస్టు 1911

అసిస్టెంట్ రెసిడెంట్ దొరవారి సముఖమునకు

అయ్యా,

విషయం: కదిలే బొమ్మల గుడారంలో, ఆకుకూరలు, వేరుసెనగ పచ్చడితో పెచెల్ అన్నం అమ్మే పాక్ వాగిమిన్ కుడిచెయ్యి తెర వెనుకవారికి ఎడమచెయ్యిగా కనిపించుట గురించి.

మలయు భాషా పత్రిక విలేకరినైన నేను, చదువురాని వాగిమిన్ తరఫున విన్నవించుకొనునది:

1. గుడారంలో దొరలు తెరకు ముందు కుర్చీలలో, మా పేట జనం తెరకు వెనుక చాపలమీద కూర్చొందురు. వెనుకవారికి బొమ్మ తిరగబడి కనిపించును. రెండేళ్లుగా ఎవరికీ పట్టలేదు. బొమ్మల్లోని దొరలు ఎడమచేత్తో తిని, ఎడమచేత్తోనే కత్తి దూస్తుంటే, అది వారి ఆచారమని మావాళ్లు సరిపెట్టుకున్నారు.

2. గతవారం ఆ బొమ్మల కంపెనీవారు మన బజారునే బొమ్మ తీసి చూపించిరి. అందులో వాగిమిన్ ఒక ముసలాయనకు అన్నం పొట్లం అందించును. వెనుకనుంచి చూస్తే, ఎడమచేత్తో. మాలో అదెంత అవమానమో తమరికి తెలియనిది కాదు. మర్నాడు నా ఎదుటే పొరుగున ఉండే పైనెమ్ అతన్ని నిలదీసింది.

"పన్నెండేళ్లుగా నీ చేతి కూడు తింటున్నా పాక్. ఏ చేత్తో పెట్టావో చూసుకోలేదే!"

"కుడిచేత్తోనే తల్లీ, ఒట్టు!"

"ఊరంతా చూశాక ఒట్లెందుకయ్యా?"

3. వాగిమిన్ ఎడమచేతిని గుడ్డతో నడుముకు కట్టుకుని అమ్మకానికి కూర్చున్నాడు. "అలవాటు లేకపోతే కట్టేసుకోవడమెందుకో!" అన్నారు పేటవాళ్లు. ఆరు రోజులుగా అన్నం బాతుల పాలు. అతనికి మరో పని రాదు.

4. నేను మంగళవారం వెనుకనుంచి, బుధవారం పత్రిక టిక్కెట్టుపై ముందునుంచి చూసితిని. ముందునుంచి కుడిచెయ్యే. ఆ సంగతి అచ్చు వేయించితిని. పేటలో పత్రిక చదివేవారు నలుగురు. ఆ నలుగురూ తెర వెనుక చూసినవారే కనుక, ఇప్పుడు నన్ను కూడా నమ్ముట లేదు.

5. ఫిల్మును తిప్పి వేయమని మేనేజరును అడిగితిని. "తిప్పితే అందులోనే ఉన్న అసిస్టెంట్ రెసిడెంట్ గారి పతకాలు కుడి రొమ్ము మీదికి పోతాయి. నా ఉద్యోగం నువ్విస్తావా?" అన్నాడు. మా వైపు ఆ పతకాలు వారంగా కుడి రొమ్ము మీదనే ఉన్నవి. ఎవరూ ఏమీ అనలేదు.

శనివారం ఆటతో ఆ బొమ్మ సెమరాంగ్ వెళ్లిపోవును. సాక్ష్యం అక్కడికి, మచ్చ ఇక్కడ. కనుక బజారు బొమ్మ నడిచే నాలుగు నిమిషాలు మా పేటవారిని ముందువైపు నిలబడనీయవలెను. కాదంటే, ఆ నాలుగు నిమిషాలు తమ పతకములు పక్కకు జరుగుటకు అనుమతి దయచేయవలెను. రెంటిలో ఏది తేలికో తామే చిత్తగించవలెను.

తమ విధేయుడు,
మాస్ కర్తోనో

తా.క.: అర్జీ చదివి వినిపించాను. "ఇన్ని మాటలెందుకు మాస్? దొరగారిని ఒక్కపూట నా దగ్గరికొచ్చి పొట్లం తీసుకోమనండి. పేటంతా చూస్తుంది" అన్నాడు వాగిమిన్. మళ్లీ, "తీసుకునేటప్పుడు మాత్రం ఆయన్ని కుడిచెయ్యి చాపమనండి. అదీ రాయండి" అన్నాడు. రాశాను.