జడ్జిగారి సీసాలో ఒక గుటక

చిరంజీవి అమ్మడికి అమ్మ దీవించి రాస్తున్న ఉత్తరం.

ఇక్కడ నేనూ, నీ కొడుకు జడ్జిగారూ కులాసా. అక్కడ నువ్వూ అల్లుడూ కులాసాగా ఉన్నారనే నా ధీమా. నీ ఉత్తరం లాడ్జి గుమాస్తా తెచ్చి ఇచ్చాడు. పిల్లవాడి ముందు ఫోనులో అడగలేక రాస్తున్నానన్నావు. నా బాధా అదే. ఫోను మోగితే చాలు, ఎక్కడున్నా పరుగెత్తుకొచ్చి స్పీకరు నొక్కుతాడు. వాడు వినకుండా నీకు చెప్పాల్సిన మాట ఒకటుంది. చివర్లో రాస్తాను, ముందే అక్కడికి దూకకు.

ముందు నువ్వడిగినవి. నా మోకాళ్లు నా మాట వింటున్నాయి. వాడి పరీక్షలకని దిగిన ఈ లాడ్జి గది శుభ్రంగా ఉంది. కిటికీలోంచి చూస్తే ఆసుపత్రివాళ్లు ఆరేసిన దుప్పట్లు కనిపిస్తాయి. సగానికి సగం అంచులు ఊడి వేలాడుతున్నాయి, చూసినప్పుడల్లా నా చేతులు సూది కోసం దురద పెడుతున్నాయి. వాడి ఆహారం డబ్బాలు పెట్టుకోవడానికి మేనేజరు తన గదిలో ఫ్రిజ్జులో ఒక అర ఖాళీ చేసి ఇచ్చాడు. అడిగేసరికి కాస్త నసిగాడు గాని, నేను కదలకుండా నిలబడేసరికి ఇచ్చాడు.

రక్తం తీసేటప్పుడు ఏడ్చాడా అన్నావు. ఏడవలేదు. నర్సు సూది తీయగానే, "పోయినసారి కంటే నయం. కాకపోతే దూది ఇంకాస్త గట్టిగా నొక్కాలి" అని తీర్పు చెప్పాడు. ఆ అమ్మాయి నవ్వాపుకోలేక బయటికి వెళ్లిపోయింది. రక్తంలో లెక్కలన్నీ బాగున్నాయన్నాడు డాక్టరు. నీకు సెలవు దొరకలేదని బెంగపడకు. ఈ పనులకు నేను చాలు.

ఇక విమానాశ్రయం సంగతి. "డబ్బాల సీలు తీయకుండా తీసుకెళ్లావా, చెకింగులో ఎవరూ ఆపలేదు కదా" అని రాశావు. ఫోనులో అడిగితే అంతా సవ్యంగా జరిగిందన్నాను. సవ్యంగానే జరిగింది, కాకపోతే కాస్త చుట్టు తిరిగి జరిగింది.

ప్రయాణం కోసం నేనొక సంచీ కుట్టానని చెప్పాను కదా. మిగిలిపోయిన రెయిన్‌కోటు గుడ్డ, లోపల దూది పరిచిన అస్తరు, చల్లటి ప్యాకెట్లకు వేరే అర, సీసాలు కదలకుండా జేబులు. నా చేత్తో కుట్టానని కాదుగాని, దుకాణంలో అంత మంచిది దొరకదు. జేబుల కొలతకు వంటింట్లో చేతికందిన నారింజ రసం ఖాళీ సీసా తీసుకున్నాను. వాడి డబ్బాలు నలుచదరంగా ఉంటాయన్న సంగతి బయలుదేరే రోజు పొద్దున్నే గుర్తొచ్చింది. ఒక్కటీ జేబులో దిగదు. కుట్టిన కుట్టు విప్పడమంటే నాకు ఎంత కష్టమో నీకు తెలుసు. నారింజ రసం సీసాలు వేడినీళ్లతో కడిగి, దారికి కావలసినంత వాటిలో పోసేశాను. మిగతా సీలున్న డబ్బాలన్నీ పెద్ద పెట్టెలో సర్దాను. ఇన్నేళ్లూ ఒంటికి తగ్గట్టు చొక్కా కుట్టినదాన్ని, ఆరోజు చొక్కాకు తగ్గట్టు ఒంటిని మార్చాను. తప్పు నాదే, కాదనను. సంచీ మాత్రం బాగుంది.

చెకింగులో సంచీ మెషీన్లోకి వెళ్లింది, వెళ్లినది బయటికి రాలేదు. చేతికి తొడుగులేసుకున్న ఆఫీసరమ్మాయి ఒక సీసా పైకెత్తి పట్టుకుంది.

"ఏంటమ్మా ఇది? మీద నారింజ రసమని ఉంది, లోపల సున్నం నీళ్లలా ఉంది."

"మా మనవడి ఆహారం. వీడి ఒంటికి పాలూ, పప్పూ, మాంసం ఏదీ పడవు. పుట్టినప్పటినుంచీ దీనిమీదే బతుకుతున్నాడు. వేళకు తాగకపోతే రక్తంలో తేడా వచ్చి మత్తుగా పడిపోతాడు."

డాక్టరిచ్చిన కాగితం చూపించాను. చదివి తిరిగిచ్చింది. "ఇందులో సీలు వేసిన డబ్బాలని రాశారు. డబ్బాలేవి?"

"పెద్ద పెట్టెలో ఉన్నాయి."

"పెట్టె లోపలికి వెళ్లిపోయింది కదా. డబ్బాలతోనే తెచ్చి, మెషీన్లో పెట్టకముందే బయటికి తీసి చెప్పుంటే సరిపోయేదమ్మా. ఇప్పుడివి పారబోయాల్సి రావచ్చు."

అచ్చం బయలుదేరే ముందు నువ్వు చెప్పిన మాటే, అక్షరం పొల్లు పోకుండా. అమ్మడూ, అప్పుడు మాత్రం నా గుండె జారింది. విమానం దిగేదాకా వాడికి వేరే దారి లేదు. అయినా గొంతు తగ్గించలేదు. "పారబోసే ముందు మీ పెద్దాయన్ని పిలువు. పిల్లవాడి తిండి పారబోయమని ఆయన నోటితో చెప్పమను" అన్నాను. వెనక వరుసలో ఉన్నవాళ్లు సణిగారు. సణుక్కోనీ అనుకున్నాను.

పెద్దాయన వచ్చాడు. నిదానస్తుడు. ప్రతి సీసా మూతా తీసి, మూతి దగ్గర ఒక కాగితం ముక్క ఉంచి, దాన్ని వేరే మెషీన్లో పెట్టి చూశాడు. "పరీక్షలో తప్పేమీ తేలలేదమ్మా. మీరొక్క గుటక తాగి చూపిస్తే పంపించేస్తాను" అన్నాడు.

మనింట్లో ఎవరమూ దాన్ని ఏనాడూ నోట పెట్టలేదు. పెద్దవాళ్లు మొహం చిట్లిస్తే పిల్లవాడు తాగడం మానేస్తాడని డాక్టరు మొదట్లోనే హెచ్చరించాడు కదా. అప్పటినుంచీ నువ్వు "తియ్యగా ఉంటుంది నాన్నా" అంటావు, అల్లుడు "నాకూ కాస్త ఇవ్వరా" అని బతిమాలుతున్నట్టు నటిస్తాడు, నేను పక్కన కూర్చుని లొట్టలేస్తాను. ఆ ధైర్యంతోనే సీసా ఎత్తాను.

తుప్పు పట్టిన మేకులు నానబెట్టిన నీళ్లలో సబ్బు కలిపినట్టుంది. మింగాను, మింగక చస్తానా. కానీ నా మొహం నా చెప్పుచేతల్లో లేకుండా పోయింది. కళ్లవెంట నీళ్లు కారాయి. "చాలమ్మా, వెళ్లండి" అని పెద్దాయనే మంచినీళ్లు తెప్పించి ఇచ్చాడు. కిందికి చూస్తే నీ కొడుకు నా మొహమే చూస్తున్నాడు.

విమానం ఎక్కేచోట కుర్చీల్లో కూర్చున్నాం. వాడు తాగే వేళయింది. సీసాలు దక్కించుకున్నానన్న సంబరమంతా ఎగిరిపోయింది. ఇప్పుడు తాగనంటే నేనేం చెయ్యాలి? మూత తీసి చేతికిచ్చాను. వాడు సీసా ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాడు.

"అమ్మమ్మా, నీకు నచ్చలేదు కదా?"

అలవాటైన అబద్ధం నాలుక చివరిదాకా వచ్చింది. కారం అంటుకుందని చెప్పొచ్చు, పొలమారిందని చెప్పొచ్చు. వాడు నా కళ్లలోకి చూస్తుంటే చెప్పలేకపోయాను. నీకు చెప్పాలనుకున్న మాట ఇదే అమ్మడూ. నిన్నడగకుండా, ఇన్నేళ్ల మన కట్టుబాటు నేను తెంచేశాను.

"నచ్చలేదురా. ఘోరంగా ఉంది" అన్నాను.

"నిజంగానా?"

"నిజంగా. ఒక్క గుటకకే కళ్లనీళ్లొచ్చాయి, చూశావుగా."

"అందరికీ అలాగే ఉంటుందా?"

"ఎవరు తాగినా అలాగే ఉంటుంది."

వాడు మెల్లగా అన్నాడు: "మీరందరూ తియ్యగా ఉంటుందంటారు కదా, నాకొక్కడికే అలా ఉండేది కాదు. ఒంట్లో బాగాలేనట్టే నా నాలుక కూడా బాగాలేదేమో అనుకున్నా. చెప్తే దానికీ సూది వేస్తారని చెప్పలేదు."

ఇంత పిల్లవాడు, అంత భయాన్ని లోపల పెట్టుకుని, మనం లొట్టలేస్తుంటే మన ముందు నవ్వుతూ తాగాడే. నాకు ఏడుపాగలేదు. చుట్టూ జనమున్నారని కూడా చూసుకోలేదు. వాడు నా చెయ్యి తట్టి, "నువ్వు మెల్లగా తాగావు, అందుకే కష్టమైంది. ముక్కు మూసుకుని ఒక్కసారే తాగెయ్యాలి" అని, సీసా ఎత్తి గటగటా ఖాళీ చేశాడు. చేసి, నేను పుట్టి ఎరగనంత వికారంగా మొహం పెట్టాడు. ఇన్నాళ్లూ దాచుకున్న మొహం అది.

అప్పటినుంచీ ఒక్క పూట కూడా బతిమాలించుకోలేదు. తాగుతాడు, మొహం చిట్లిస్తాడు, నేనూ చిట్లిస్తాను, అక్కడితో అయిపోతుంది. డాక్టరుకూ ఈ సంగతి చెప్పాను. మంచి పనే చేశారన్నాడు. అనకపోయినా నేను వెనక్కి తగ్గేదాన్ని కాదు.

కోపమొస్తే నామీద పడు, భరిస్తాను. వాడి ముందు మాత్రం వద్దు. ఇంటికి రాగానే వాడు అడగబోయే మొదటి ప్రశ్న, "అమ్మా, నువ్వెప్పుడైనా తాగావా?" అని. తాగలేదని నిజం చెప్పు. చెప్పి, వాడి పక్కనే కూర్చుని ఒక గుటక తాగు. ముక్కు ఎలా మూసుకోవాలో వాడే చూపిస్తాడు. మొహం దాచుకోకు, వాడు చూడాలనుకుంటున్నది అదే.

ఇట్లు,
జడ్జిగారి అమ్మమ్మ,
మీ అమ్మ.