అబ్బాస్ పోయిన లడాయి

కార్ఖానా, సికింద్రాబాద్
20 అక్టోబర్ 1948

కాంతమణక్కకు సర్దార్ బీ సలాములు. బావకు దండాలు. పిల్లలను అల్లా సల్లగ చూడాలె.

రజాకార్ల భయానికి నువ్వు బెజవాడ పోయినవు. నువ్వు పోయినంక మన గల్లీ బోసిపోయింది. ఇప్పుడు ఇండియా ఫౌజు వచ్చిందని మేం తలుపులేసుకున్నం. ఎవలు ఎవలకు దుష్మనో నాకు సమజైతలేదు. పోయిన నెల విమానాలు తిరుగుతుంటే మా అత్తమ్మ, జపానోళ్లు వచ్చిన్రా అని అడిగింది. ఆమెకు ఆ పాత లడాయి ఇంకా ఖతం కాలే.

నాకు సుత అంతేనక్కా. ముప్పై తొమ్మిదిల లడాయి షురూ అయిందంటే జర్మనీ యాడున్నదో మనకేం తెలుసు? మరుసటేడు మా ఆయన అబ్బాస్ మిలిటరీ లారీ నడుపనీకె పోయిండు. జర్మనోళ్ల మీదికని పోయినోన్ని సింగపూర్ తోలిన్రు. ఆడికి జపానోళ్లొచ్చిన్రు. సింగపూర్ పడిపోయినంక, అబ్బాస్ జాడ తెలుస్తలేదని మిలిటరీ నుంచి తార్ వచ్చింది. జర్మనీ ఓడిందన్నరు, లడాయి ఆగలే. ఏందో పెద్ద బాంబులేసిన్రట, జపాన్ సుత ఓడింది. కంటోన్మెంట్ల బ్యాండ్ కొట్టి మిఠాయి పంచిన్రు. నేనూ తిన్న. తినుకుంట ఏడ్చిన. గెలిచినమన్నరు గని మనిషి రాలే.

మొన్న తుకారాం అని ఫౌజు హవల్దార్ ఒకాయన ఇల్లు దేవులాడుకుంట వచ్చిండు. ఒంటి మీద ఫౌజు వర్దీ చూసి తలుపు సగం మూసిన. ఆయన టోపీ తీసి, అబ్బాస్ ఇల్లు ఇదేనా చెల్లె, మేమిద్దరం జపానోళ్ల ఖైదుల ఒక్క దగ్గరనే ఉన్నం అన్నడు. వాకిట్లనే నిలబడి చెప్పుకొచ్చిండు. చాయ్ సుత తాగలే.

నేను లోపటికొచ్చి, అబ్బాస్ ఖైదులనే జెరమొచ్చి పోయిండని అత్తమ్మకు చెప్పిన. మట్టి ఎవరిచ్చిన్రని అడిగింది. తోటోళ్లేనని చెప్పిన. ఆయన పేరు మీద ఫాతిహా చదివించినం. ఇన్నేండ్లు దర్వాజ దిక్కే చూసుకుంట కూసున్న ముసల్ది, ఆనాడు ఏడ్చి ఏడ్చి పండుకున్నది.

ఈడ జెర నిమ్మళమైంది. వీలైతే రాండ్రి.

నీ చెల్లె
సర్దార్ బీ

మళ్ల రాస్తున్న: అక్కా, తుకారాం చెప్పింది అది కాదు. అబ్బాస్ బతికే ఉన్నడు. సింగపూర్ దిక్కే పెనాంగ్‌ల, ఆ ఊరామెతోని కాపురం, ఇద్దరు పిల్లలట. సచ్చిపోయిండని ఇంట్ల చెప్పుమని అబ్బాసే అన్నడట. నా మొఖం చూసి తుకారాం ఆ అబద్ధం ఆడలేకపోయిండు. అదే అబద్ధం నేనాడిన. గాజులు తీసిన. గని నమాజుల కూసుంటే, సచ్చినోళ్ల కోసం చేసే దువా చెయ్యాల్నో, బతికున్నోళ్ల కోసం చేసేది చెయ్యాల్నో తెలుస్తలేదు.