గుసగుసలో పలకని స్వరం

పిచ్చుకా,

ఒకే ఇంట్లో ఉంటూ ఉత్తరమేమిటని నవ్వకు. నోటితో చెబితే గొంతు వణుకుతుంది. మన రాగాల భాషలో గొంతు వణికితే అర్థమే మారిపోతుంది.

ఆ భాష మనిద్దరం ఎందుకు కట్టుకున్నామో గుర్తుందా? తెలుగులో పిల్లా వచ్చింది, బస్సూ వచ్చింది. పిల్లాడు మాత్రం వచ్చాడు. బడిలో నేను వ్యాకరణం చెప్పినన్నాళ్లూ అది నాకు గుచ్చుకుంటూనే ఉండేది. అందుకే మొదటి సూత్రం నేను పెట్టాను: పైస్వరంలో పలికితే మనిషి, కిందిస్వరంలో పలికితే వస్తువు. "సో" అని పైన పలికితే పెద్దావిడ, కింద పలికితే పాత సామాను. రెండో సూత్రం నీది: చివర గొంతు పైకి లాగితే ప్రశ్న, కిందికి జారిస్తే నిర్ణయం. "మరి అలిగితే, నానమ్మా?" అన్నావు. "అలిగినవాళ్లకి వ్యాకరణమేమిటే, మూతి ముడుచుకుంటే చాలు" అన్నాను. ఎంత నవ్వావో!

నిన్న వంటగదిలో మీ అమ్మతో ఆ భాషలో మాట్లాడావు. మీ అమ్మకి నేర్పావని నాకప్పుడే తెలిసింది. నాకు చెవుడనుకున్నారు. నిజమే, హల్లులు సరిగా అందడం లేదు. కానీ నేను కట్టిన మాటలు పోల్చుకోవడానికి నాకు రాగం చాలు. "సో"ని బాబాయి ఇంటికి పంపేద్దాం అన్నావు. "సో" కిందిస్వరంలో పలికింది. చివర గొంతు జారింది.

పంపితే పంపండి. ఏ స్వరంలో పోతున్నానో విన్నాక మాత్రం అన్నం దిగలేదు. జవాబు కాగితం మీదే రాయి.

నానమ్మ

*

పిచ్చుకకి,

నీ జవాబు చదివాను. "నీకు వినబడకూడదని గొంతు తగ్గించాం నానమ్మా. గుసగుసలో పైస్వరం పలకదు, అంతే. నీ గది నా చదువుకి ఇస్తానంది అమ్మ, సరేనన్నాను. తప్పు సూత్రానిది, మార్చేద్దాం" అని రాశావు.

పొద్దున తలుపు వేసుకుని నేనూ గుసగుసగా పలికి చూశాను. నిజమే, పలకలేదు. చాటున మాట్లాడితే ఎంత మనిషైనా సామానైపోతుంది. తెలియక పెట్టినా, ఇంత సరైన సూత్రం నేను ఇంకొకటి పెట్టలేదు. మార్చను.

గది కావాలని ఎదురుగా వచ్చి అడిగి ఉంటే, నేనే పెట్టె సర్దుకుని వెళ్లేదాన్ని. మీ బాబాయి ఇంట్లో ఎండ కూడా బాగా వస్తుంది. ఇప్పుడు వెళ్లను. నీ బల్ల తెచ్చి నా మంచం పక్కన వేసుకో. దీపం నీ వైపే ఉంచుతాను, చదువుకో.

మన భాషలో మాత్రం ఇక నాతో మాట్లాడకు. దాన్ని మీ అమ్మా నువ్వూ ఉంచుకోండి. నన్ను పిలవాలంటే నానమ్మా అని పిలువు, గట్టిగా, ఇల్లంతా వినేలా.

నానమ్మ